యుద్ధం రోజుల ప్రేమకథల కామిక్స్ ఎలా చదవాలి: ముందు తేదీ చూడండి, తర్వాత ఉత్తరం

సెయింట్ జాన్ అనే న్యూయార్క్ పబ్లిషర్ 1951 జులై తేదీతో వార్‌టైమ్ రొమాన్సెస్ అని ఒక కామిక్ మొదలుపెట్టారు, 1953 నవంబర్ తేదీ ఉన్న 18వ సంచికతో ఆపేశారు. కొరియా యుద్ధం 1950 జూన్ 25న మొదలై 1953 జులై 27న కాల్పుల విరమణతో ఆగింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి ఒకసారి. అప్పట్లో అమెరికన్ కామిక్ కవర్ మీద వేసే నెల, అది నిజంగా అమ్మకానికి వచ్చిన నెల కంటే రెండు మూడు నెలలు ముందుకి ఉండేది, అంటే ఆ ఆఖరి సంచిక స్టాండ్ల మీదకి వచ్చింది విరమణ అయిన కొన్ని వారాలకే అన్నమాట. యుద్ధం ఆగాక ఆ పుస్తకం ఇంక నడవలేదు.

నేను మొదట్లో ఈ కామిక్స్ చదివినప్పుడు తేదీలు పట్టించుకునేదాన్ని కాదు, చివరి పేజీలో ముద్దు బొమ్మ చూసి, ఓహో ఇంతేనా అనుకుని మూసేసేదాన్ని. తేదీ చూడటం అలవాటయ్యాక అవే కథలు వేరేగా కనిపించాయి, కొన్ని చదివాక ఆ రోజంతా ఇంకో పని మీద మనసు పెట్టలేకపోయాను. అందుకే ఎలా మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే ముందు క్యాలెండర్ తియ్యండి అంటాను, కథ దగ్గరికి తర్వాత వెళ్దాం.

ఇక్కడ ముందే ఒకటి తెలుసుకోవాలి, ఇది తెలియక చాలామంది గందరగోళపడతారు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్నప్పుడు అమెరికాలో రొమాన్స్ కామిక్ అనే రకమే లేదు. జో సైమన్, జాక్ కిర్బీ కలిసి చేసిన యంగ్ రొమాన్స్ మొదటి సంచిక మీద 1947 సెప్టెంబర్-అక్టోబర్ అని ఉంటుంది, మన చందమామ మొదలైంది అదే ఏడాది జులైలో, అలా కలిపి గుర్తుపెట్టుకుంటే ఇంక మర్చిపోరు. కాబట్టి ఈ కామిక్స్‌లో రెండో ప్రపంచ యుద్ధం మీద కథ కనిపిస్తే అది అయిపోయిన యుద్ధాన్ని వెనక్కి తిరిగి చూస్తూ రాసింది, చదివే అమ్మాయికి ఎవరు గెలిచారో, ఊళ్ళో ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో ముందే తెలుసు. కొరియా కథలు అలా కాదు, అవి యుద్ధం జరుగుతుండగానే రాసినవి, రాసినవాడికీ తెలీదు గీసినవాడికీ తెలీదు కొనుక్కున్న అమ్మాయికీ తెలీదు రేపు ఏమవుతుందో. ఒకే బొమ్మ, ఒకే యూనిఫాం, ఒకే రైల్వే స్టేషన్ వీడ్కోలు, కానీ బరువు వేరు. చదివేముందు మీ చేతిలో ఉన్నది ఈ రెండిట్లో ఏదో తేల్చుకోండి.

ఆ మొదలుపెట్టిన ఇద్దరి గురించి కూడా కొంచెం చెప్పాలి. కిర్బీకి 1942 మేలో పెళ్ళయింది, 1943లో డ్రాఫ్ట్ అయ్యాడు, అంటే సైన్యంలోకి పిలిచారు, 1944 ఆగస్టులో నార్మండీ తీరంలో దిగాడు, ఆ చలికాలంలో మంచుకి కాళ్ళు దెబ్బతిని ఆస్పత్రి పాలయ్యాడు. సైమన్ కోస్ట్ గార్డ్‌లో చేశాడు. కొత్తగా పెళ్ళయి భార్యని వదిలి యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి రెండేళ్ళ తర్వాత కూర్చుని ఆడపిల్లల ప్రేమకథల కామిక్ కనిపెట్టాడంటే, సూపర్‌హీరోలు గీసే ఆయన డబ్బుల కోసం పక్కదారి పట్టాడు అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆయనకి ఎడబాటు తెలుసు.

ఎక్కడ దొరుకుతాయి

కొనక్కర్లేదు, ముందు అది మనసులోంచి తీసెయ్యండి. డిజిటల్ కామిక్ మ్యూజియం, కామిక్ బుక్ ప్లస్ అని రెండు సైట్లున్నాయి, పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేసిన పాత కామిక్స్ స్కాన్లు ఫ్రీగా, చట్టబద్ధంగా ఉంటాయి. మొదటిదాంట్లో డౌన్‌లోడ్‌కి ఫ్రీ అకౌంట్ చేసుకోవాలి, రెండోదాంట్లో బ్రౌజర్‌లోనే తిప్పుకుంటూ చదవొచ్చు. డౌన్‌లోడ్ చేస్తే సీబీఆర్, సీబీజెడ్ అని ఫైళ్ళొస్తాయి, భయపడకండి, అవి రార్, జిప్ ఫైళ్ళే, లోపల పేజీకో బొమ్మ ఉంటుంది, ఫోన్‌లో ఏదైనా కామిక్ రీడర్ యాప్ వేసుకుంటే తెరుచుకుంటాయి. కానీ ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో చదవండి, పేజీ మొత్తం ఒకేసారి కళ్ళముందు ఉండాలి, ప్యానెల్ ప్యానెల్, అంటే ఒక్కో బొమ్మ గడినే, జూమ్ చేసి చదివితే ఆర్టిస్ట్ పేజీని ఎలా కట్టాడో అర్థం కాదు.

ఎందుకు ఫ్రీ అంటే, అమెరికాలో 1963 దాకా అచ్చయినవాటికి కాపీరైట్ 28 ఏళ్ళే, ఆ తర్వాత ఓనరు రెన్యూ చేయించుకోవాలి, చేయించుకోకపోతే అందరిదీ అయిపోతుంది. సెయింట్ జాన్ లాంటి చిన్న పబ్లిషర్లు ఆ 28 ఏళ్ళు గడిచేసరికి వ్యాపారంలోనే లేరు, ఇంక ఎవరు రెన్యూ చేయిస్తారు. అలా అని పాతవన్నీ ఫ్రీ అనుకోవద్దు, డీసీ, మార్వెల్ వాళ్ళ రొమాన్స్ కామిక్స్ చాలావాటికి ఇప్పటికీ హక్కులున్నాయి, వాటికి రీప్రింట్ పుస్తకం కొనుక్కోవడమో లైబ్రరీలో చూడటమో చెయ్యండి.

అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ళకి ఇంకో మంచి దారి ఉంది. ఈస్ట్ లాన్సింగ్‌లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో కామిక్స్ కలెక్షన్ చాలా పెద్దది, కొలంబస్‌లో ఒహాయో స్టేట్ వాళ్ళ బిల్లీ ఐర్లండ్ కార్టూన్ లైబ్రరీ ఉంది, వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉండనే ఉంది. ఆ ఊళ్ళలో ఎంతమంది తెలుగు పిల్లలున్నారో మీకు తెలుసు కదా, ఒక్క శనివారం సినిమా మానేసినా పర్లేదు అనిపిస్తుంది నాకు, కాకపోతే ఆ రీడింగ్ రూములు మామూలు లైబ్రరీలా ఎప్పుడు పడితే అప్పుడు తెరిచి ఉండవు, ముందే మెయిల్ చేసి ఏ సంచిక కావాలో రాసి టైం అడిగి వెళ్ళండి, పెన్ను కాకుండా పెన్సిల్ పట్టుకెళ్ళండి.

ఏ పేరుతో వెతకాలి అంటే: వార్‌టైమ్ రొమాన్సెస్ చెప్పాను. క్వాలిటీ అనే పబ్లిషర్ ట్రూ వార్ రొమాన్సెస్ అని 1952 సెప్టెంబర్ నుంచి 1955 జూన్ దాకా 21 సంచికలు వేశారు. వాళ్ళదే జీ.ఐ. స్వీట్‌హార్ట్స్ ఉంది. కెనడా కంపెనీ సుపీరియర్‌ది జీ.ఐ. వార్ బ్రైడ్స్ ఉంది, అది 1954లో మొదలైంది. జీ.ఐ. అంటే అమెరికన్ సిపాయి. ఇవి కాక మామూలు రొమాన్స్ కామిక్స్‌లో కూడా 1951 నుంచి 1953 మధ్య సంచికలు తీస్తే ఏదో ఒక కథలో యూనిఫాం కనిపిస్తూనే ఉంటుంది.

తేదీ ఎలా చూడాలి

కవర్ లోపలి వైపు గానీ మొదటి పేజీ అడుగున గానీ చీమతలకాయంత అక్షరాల్లో ఒక పేరా ఉంటుంది, దాన్ని ఇండీషియా అంటారు. పబ్లిషర్ అడ్రసు, నెల, సంపుటి నంబరు, పోస్టాఫీసు రిజిస్ట్రేషన్ అన్నీ అందులోనే. కవర్ మీద తేదీ లేకపోయినా అక్కడ ఉంటుంది. ఆ నెలలోంచి రెండు మూడు నెలలు వెనక్కి వెళ్తే అమ్మకానికి వచ్చిన టైం, రాయడానికి గీయడానికి అచ్చుకి ఇంకొన్ని నెలలు తీసేస్తే ఆర్టిస్ట్ బల్ల మీద ఉన్న టైం.

వార్‌టైమ్ రొమాన్సెస్ మొదటి సంచికనే తీసుకోండి. 1951 జులై అని ఉంది, అంటే తయారైంది ఆ ఏడాది మొదటి నెలల్లో. 1950 అక్టోబర్‌లో చైనా సైన్యం దిగింది, నవంబర్, డిసెంబర్‌లో చోసిన్ రిజర్వాయర్ దగ్గర మంచులో అమెరికన్లు వెనక్కి తగ్గారు, 1951 జనవరి 4న సియోల్ మళ్ళీ చేజారింది, మార్చిలో మళ్ళీ చేతికొచ్చింది, ఏప్రిల్ 11న ట్రూమన్ ప్రెసిడెంట్ హోదాలో అక్కడి సైన్యాన్ని నడిపిస్తున్న జనరల్ మెకార్థర్‌ని తీసేశాడు, జులై 10న సంధి చర్చలు మొదలయ్యాయి. ఆ పుస్తకం తయారై ఒక అమ్మాయి చేతికి చేరిన నెలల్లో పేపర్ల నిండా ఇవే వార్తలు. ఈ ఐదారు తేదీలూ ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి, ప్రతి సంచికకీ పనికొస్తుంది. కొరియా యుద్ధం అంటే మనకి దూరం అనుకుంటాం గానీ, ఇండియన్ ఆర్మీ 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళం 1950 నవంబర్‌లోనే అక్కడికి వెళ్ళింది, ఆ గాయపడిన సిపాయిల్లో కొందరికి కట్లు కట్టింది మనవాళ్ళే.

నంబర్లతో జాగ్రత్త. జీ.ఐ. స్వీట్‌హార్ట్స్ మొదటి సంచిక అని వెతికితే దొరకదు, ఎందుకంటే అది 32తో మొదలవుతుంది. అంతకుముందు దాని పేరు డైరీ లవ్స్, 1953 జూన్ తేదీతో పేరు మార్చారు, 46వ సంచిక నుంచి గర్ల్స్ ఇన్ లవ్ అయిపోయింది. కొత్త పేరు పెట్టినా పాత నంబరు కొనసాగించేవాళ్ళు, పోస్టల్ పర్మిట్ కొత్తగా తీసుకోకుండా అదే నడిపించడానికి. ట్రూ వార్ రొమాన్సెస్ కూడా అలాగే 22 నుంచి ఎక్సోటిక్ రొమాన్సెస్ అయింది. ఈ పేరు మార్పులు చూడండి చాలు, ఒక దేశం యుద్ధాన్ని ఎప్పుడు పట్టించుకుంది, ఎప్పుడు పక్కన పెట్టేసింది అనేది కనిపిస్తుంది, 1955 చివరికి వచ్చేసరికి ఈ టైటిళ్ళలోంచి వార్ అనే మాట, జీ.ఐ. అనే మాట రెండూ వెళ్ళిపోయాయి.

ఇండీషియా చిరిగిపోయి ఉంటే ధర చూడండి. 10 సెంట్లు అంటే 1961 చివరి లోపు, 12 అంటే ఆ తర్వాత 1969 దాకా, 15 అంటే 1969 నుంచి. కవర్ మీద తపాలా బిళ్ళలాంటి కామిక్స్ కోడ్ ముద్ర (పబ్లిషర్లు తమకి తామే పెట్టుకున్న నియమాలది, దాని సంగతి చివర్లో చెప్తా) ఉంటే 1955 ఆ తర్వాతది. ఇంకో చిక్కు, 1970 ప్రాంతంలో డీసీ వాళ్ళు పాత కథల్నే మళ్ళీ వేస్తూ జుట్టు, బట్టలు కొత్త ఫ్యాషన్‌కి మార్చి గీయించారు, కాబట్టి అమ్మాయి జుట్టు ఒక కాలం, ఇంట్లో సామాను ఇంకో కాలం అనిపిస్తే అది రీప్రింట్ అయ్యుండొచ్చు. అనుమానం వస్తే గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే సైట్‌లో ఆ సంచిక తెరిచి చూడండి, ఏ కథ ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో ఉంటుంది, ఎవరు గీశారో కూడా. ఆర్టిస్ట్ పేరు పక్కన ప్రశ్న గుర్తు ఉంటే అది చెయ్యి పోల్చి వేసిన అంచనా, సంతకం ఉన్నది కాదు.

ఇప్పుడు కథ

మొదటిసారి మామూలుగా చదివెయ్యండి, ఎనిమిది పది పేజీలు, పావుగంట. రెండోసారి పైన పెట్టెల్లో ఉన్న కాప్షన్లు మాత్రమే చదవండి, మనుషుల నోటి దగ్గర బెలూన్లు వదిలేసి. దాదాపు అన్నీ నేను, నాకు, నా అని ఉంటాయి. 1919లో మొదలైన ట్రూ స్టోరీ లాంటి కన్ఫెషన్ పత్రికల నుంచి వచ్చిన పద్ధతి అది, అమ్మాయి అయిపోయినదాన్ని వెనక్కి చూసి చెప్తుంటుంది. బెలూన్లలో అదే అమ్మాయి అప్పటి మాట. ఈ రెండు గొంతులూ ఎక్కడ కలవవో అక్కడే కథ ఉంటుంది. బెలూన్‌లో నేను బానే ఉన్నా అంటుంది, కాప్షన్‌లో బానే లేను అంటుంది. యుద్ధం కథల్లో ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది, ఎందుకంటే వెళ్ళేవాడి ముందు ఏడవకూడదు అనేది ఆ కాలంలో ఆడవాళ్ళకి అందరూ చెప్పిన మాట, బొమ్మలో నవ్వుతున్న మొహం, పైన పెట్టెలో వణుకుతున్న కాప్షన్.

సెయింట్ జాన్ కథలు చాలావరకు రాసింది డేనా డచ్ అనే ఆయన. మిగతా కంపెనీల కథల్లో అమ్మాయి తప్పు చేస్తే ఏడ్చి ఏడ్చి పశ్చాత్తాపపడితే గానీ వదలరు, ఈయన కథల్లో అమ్మాయిలు తప్పు చేస్తారు, తెలుసుకుంటారు, లేచి నడుస్తారు. అందుకే మొదలుపెట్టేవాళ్ళకి నేను సెయింట్ జాన్‌వే చెప్తాను, క్వాలిటీవి తర్వాత.

ఉత్తరం ప్యానెల్

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం, కొంచెం ఎక్కువ చెప్తా, ఓపిక పట్టండి.

మా అమ్మమ్మ వాళ్ళది తాడేపల్లిగూడెం వైపు, మిలిటరీ మాధవరం అని వినే ఉంటారు, ఇంటింటికీ సిపాయి ఉన్న ఊరు, దానికి దగ్గర్లోనే. తాతయ్య ఆర్మీలో ఉన్నప్పుడు ఉత్తరం మీద అడ్రసు కేరాఫ్ 56 ఏపీఓ అని మాత్రమే ఉండేదట, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, మనిషి ఎక్కడున్నాడో తెలీదు, కాశ్మీర్లోనా ఇంకెక్కడైనానా, ఆ నంబరే ఊరు, ఆ నంబరే దిక్కు. అమ్మమ్మకి చదవడం కొద్దిగానే వచ్చు, అందుకని ముందు అక్షరాల కంటే చేతిరాత చూసేదట, ఆయన రాతే అయితే బతికున్నట్టు, వేరేవాళ్ళ రాత అయితే గుండె జారిపోయేదట.

నేను ఈ కామిక్స్‌లో ఏపీఓ శాన్‌ఫ్రాన్సిస్కో అని రాసిన కవరు బొమ్మ మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. కొరియాలో ఉన్నవాడికి కూడా శాన్‌ఫ్రాన్సిస్కో అనే రాయాలి, యుద్ధభూమి నుంచి సిపాయి పంపే ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు, స్టాంపు అంటించే మూల ఫ్రీ అని చేత్తో రాస్తే చాలు. ఆ మూల చూడండి బొమ్మలో, ఆర్టిస్ట్ పట్టించుకుని గీశాడా, ఊరికే ఒక స్టాంపు గీసేశాడా. చిన్న విషయమే, కానీ ఆ పని చేసినవాడికి సైన్యం ఎంత తెలుసో అక్కడ తేలిపోతుంది.

ఉత్తరం కనిపించిన చోట ఆగి చూడాల్సినవి: ఉత్తరంలో మాటలు పూర్తిగా ఇచ్చారా, రెండు లైన్లే ఇచ్చి ఆమె మొహం చూపించారా. రాసేది ఆమా, అతనా. చదివేటప్పుడు పక్కన ఎవరున్నారు, అమ్మా, రూమ్మేటా, లేక ఆ ఇంకో మగవాడా. అతను కొరియాలో చదువుతుంటే వెనకాల ఏం గీశారు, చాలాసార్లు యుద్ధం మొత్తం ఆ ఒక్క ప్యానెల్‌లోనే ఉంటుంది, ఒక గుడారం గుడ్డ, ఒక లాంతరు, దూరంగా ఎర్రటి మెరుపు. ఎనిమిది పేజీల కథలో కాల్పుల బొమ్మలు ఒకటో రెండో, ఉత్తరాలు నాలుగైదు. యుద్ధం కామిక్ అని తుపాకుల కోసం వెతికితే దొరకనిది అందుకే, వీటిలో యుద్ధం పోస్టులో వస్తుంది.

వచ్చే ఉత్తరాల్లో మూడు రకాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. మొదటిది డియర్ జాన్ ఉత్తరం, నేను వేరే అతన్ని చేసుకుంటున్నా అని సిపాయికి అమ్మాయి రాసేది, రెండో ప్రపంచ యుద్ధం నాటి సిపాయిల మాట అది. రెండోది రాయడం మానేసినవాడి మౌనం, రోజూ పోస్టు డబ్బా తెరిచి చూడటం. మూడోది టెలిగ్రాం. వెస్టర్న్ యూనియన్ మనిషి గుమ్మంలోకి రావడం అంటే ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో ఊపిరి ఆగేది, పసుపురంగు కవర్లో ఏం రాశారో చదవకముందే. చాలా కథల్లో మిస్సింగ్ అని టెలిగ్రాం వస్తుంది, చివర్లో అతను తిరిగొస్తాడు. సినిమాలాగా ఉంది అని తేలిగ్గా తీసుకోకండి. కొరియాలో సుమారు 36 వేలమంది అమెరికన్లు చనిపోయారు, 7 వేలమందికి పైగా ఆచూకీ ఇప్పటికీ లేదు. 1953 నవంబర్ సంచిక స్టాండ్ మీద ఉన్న రోజుల్లోనే యుద్ధఖైదీల మార్పిడి జరుగుతోంది, ఆగస్టు 5న మొదలైంది, రోజూ కొన్ని పేర్లు పేపర్లో వచ్చేవి. ఆ పేర్లలో తనవాడి పేరు వెతుక్కుంటున్న అమ్మాయి అదే చేత్తో ఈ కామిక్ కొనుక్కుని చివరి పేజీలో అతను గేటు తీసుకుని రావడం చూసిందంటే, ఆమెకది అరిగిపోయిన ముగింపు కాదు కదా.

పాయింట్లు అనే మాట కూడా వస్తుంటుంది, అర్థం కాకపోతే కథ సగం పోతుంది. యుద్ధరేఖ మీద ఉంటే నెలకి 4 పాయింట్లు, వెనక ఉంటే తక్కువ, 36 అయితే ఇంటికి. అంటే ముందు వరసలో ఉన్నవాడికి తొమ్మిది నెలలు. కథలో ఆమె నెలలు లెక్కపెడుతుంటే నిజంగా ఒక లెక్క ఉంది.

ఊళ్ళో మిగిలినవాడు

ఈ కథల్లో మీరు తప్పకుండా చూడాల్సిన మనిషి యుద్ధానికి వెళ్ళనివాడు. 4-ఎఫ్ అంటే మెడికల్‌లో ఫెయిల్ అయినవాడు. ఎక్కువ కథలు అతన్ని పిరికివాడిగానో, ఒంటరి అమ్మాయి మీద కన్నేసినవాడిగానో చూపిస్తాయి, అది అన్యాయం అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, ఎందుకంటే వార్‌టైమ్ రొమాన్సెస్‌కి పేరు తెచ్చిన కవర్లు గీసిన మ్యాట్ బేకర్ స్వయంగా గుండె జబ్బు మనిషి, సైన్యంలోకి తీసుకోలేదు. 1921లో నార్త్ కరోలినాలో పుట్టాడు, పిట్స్‌బర్గ్‌లో పెరిగాడు, 1959 ఆగస్టులో 37 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయాడు. ఆయన గీసిన మడత నలగని యూనిఫాంలు, ఆ భుజాలు, ఆ అమ్మాయిల వేళ్ళు చూడండి, వేళ్ళు ముఖ్యంగా, మిగతావాళ్ళు చేతులు దాచేస్తే ఈయన చేతులతోనే మనసు చెప్పించేవాడు.

బేకర్ నల్లజాతి మనిషి. ఇది తెలుసుకుని ఆ కవర్లు మళ్ళీ చూస్తే వేరే ప్రశ్న వస్తుంది. ట్రూమన్ 1948 జులై 26న సైన్యంలో రంగుభేదం తీసెయ్యమని ఆర్డర్ ఇచ్చాడు, కొరియాలో నల్ల సిపాయిలు తెల్ల సిపాయిలు ఒకే యూనిట్లలో చేరుతున్నారు, కానీ ఈ కథల్లో ప్రేమించేవాళ్ళు, ఎదురుచూసేవాళ్ళు దాదాపు అందరూ తెల్లవాళ్ళే. నల్లవాళ్ళ ప్రేమకథలకంటూ ఫాసెట్ కంపెనీ 1950లో నీగ్రో రొమాన్స్ అని వేసింది, మూడు సంచికలతో ఆగిపోయింది. కొరియా మనుషుల సంగతి ఇంకా ఘోరం, వాళ్ళ దేశంలో జరుగుతున్న యుద్ధంలో వాళ్ళు వెనకాల నీడలు, లేదా పసుపురంగు పూసిన శత్రువులు. చదివేటప్పుడు ఇది చూసి బాధపడండి, కోపం రానివ్వండి, కానీ పుస్తకం మూసెయ్యకండి, ఎవరికి ప్రేమించే హక్కు ఇచ్చారు ఎవరికి ఇవ్వలేదు అనేది కూడా ఆ పేజీలే చెప్తాయి.

నర్సుల కథలు వేరే రకం, వాటిలో అమ్మాయి ఎదురుచూడదు, తనే అక్కడికి వెళ్తుంది, నిర్ణయాలు తీసుకుంటుంది, చేతులకి రక్తం అంటుకుంటుంది. చివరి పేజీలో మళ్ళీ ఇల్లు, పెళ్ళి అంటారు. నా సలహా, చివరి పేజీని తీసి పక్కన పెట్టి అంతకుముందు ఆరు పేజీల్లో ఆమె ఏమేం చేసిందో చూడండి.

కోడ్‌కి ముందు, తర్వాత

1954లో కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారని అమెరికన్ సెనేట్ కమిటీ విచారణ పెట్టింది, ఆ ఏడాదే పబ్లిషర్లు భయపడి తమకి తామే కామిక్స్ కోడ్ పెట్టుకున్నారు. ప్రేమకథల గురించి అందులో ఉన్నది ఏంటంటే ఇంటి విలువని, పెళ్ళి పవిత్రతని నొక్కి చెప్పాలి, విడాకుల్ని మంచిదన్నట్టు చూపించకూడదు. దాని ఫలితం కళ్ళతో చూడాలంటే 1952 నాటి కథ ఒకటి, కోడ్ ముద్ర ఉన్న కథ ఒకటి పక్కపక్కన తెరవండి. తొందరపడి చేసుకున్న యుద్ధకాలం పెళ్ళి, తిరిగొచ్చిన మనిషి మారిపోయి ఉండటం, తాగడం, మొదటివాటిలో కనిపిస్తాయి. కోడ్ తర్వాత ఆ కష్టాలు నెమ్మదిగా అపార్థాలుగా మారిపోయాయి.

వియత్నాం రోజులకి ఈ రకం కామిక్సే తగ్గిపోతున్నాయి, యంగ్ రొమాన్స్ 1975లో 208వ సంచికతో, యంగ్ లవ్ 1977లో ఆగిపోయాయి. అవి చదవాలనుకుంటే చదవండి, కానీ కొరియా కథల్లో ఉన్న దగ్గరితనం వాటిలో నాకు దొరకలేదు.

మధ్యలో రెండు పేజీలు బొమ్మల్లేని కథ వస్తే దాటెయ్యకండి. పోస్టల్ రాయితీకి అది ఉండాల్సిందే అని వేసేవాళ్ళు, ఎవరూ పట్టించుకోరు కాబట్టి కొన్నిసార్లు అక్కడే నిజాయితీ ఎక్కువ. యాడ్స్ కూడా చూడండి, మొటిమల మందు, ఇంట్లో కూర్చుని నేర్చుకునే నర్సింగ్ కోర్సు లాంటివి, కొన్న అమ్మాయి ఎలాంటి జీవితం కోరుకుందో అక్కడ ఉంటుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. సంచికకి ఒక పేజీ చాలు, కవర్ తేదీ, ఆ తేదీకి మూడు నెలల ముందు కొరియాలో ఏం జరుగుతోంది, ఎన్ని ఉత్తరాలు, ఎవరి రాత, ఎవరు ఎదురుచూశారు, ఎవరు నిర్ణయించారు. పది సంచికలు అయ్యేసరికి మీకే కొన్ని కనిపిస్తాయి, నేను చెప్పనివి కూడా.

నిజమైన పాత కాపీ చేతికొస్తే, అది న్యూస్‌ప్రింట్, ఆమ్లం ఉన్న కాగితం, ఎండ తగిలితే గోధుమరంగు తిరిగి పొడైపోతుంది. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవర్లో యాసిడ్-ఫ్రీ అట్ట వెనక పెట్టి నిలబెట్టండి, చీకట్లో, తేమ లేని చోట, సెల్లోటేప్ మాత్రం ఎప్పటికీ వెయ్యకండి, తుప్పు పట్టిన పిన్ను కూడా లాగకండి. అదే కవరు, అదే అట్ట ఇన్లాండ్ లెటర్లకి కూడా సరిపోతుంది, మా ఇంట్లో 56 ఏపీఓ ఉత్తరాలు నేను అలాగే పెట్టాను, వెనక అట్ట మీద పెన్సిల్‌తో తేదీ రాసి. మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో అలాంటివి ఉంటే రబ్బరు బ్యాండ్ తీసేసి, మడతలు విప్పి, తేదీ వరసలో సర్దండి, కవర్లు పారెయ్యకుండా.